హలధర నాగ్ కవిత్వము – ధారణాశక్తి విచారము

కవిని బ్రశంసించుటకు రెండు మార్గములు గలవు. కావ్యమును జదివి యందలి గుణదోషములను విచారించి ప్రశంసించుట యొకటి. కవి జీవితమునందలి వింతను జూచి యచ్చెరువంది ప్రశంసించుట రెండవది. మొదటిది శ్రమసాధ్యము, రెండవది సులభము. సులభ మగుటచేతనే లోకమునందు రెండవదానికి వ్యాప్తి మెండు. ఒడిశా రాష్ట్రమునకుఁ బశ్చిమభాగమునందలి బర్గఢ్ జిల్లా ఘేఁస్ గ్రామమునఁ బుట్టి, యొక యున్నతపాఠశాలలోఁ బదునాఱేండ్లు వంటవాఁడుగాఁ బనిచేసి, సంబల్పురీ భాషలోఁ గావ్యములు రచించి, 2016వ సంవత్సరమునఁ బద్మశ్రీ బిరుదము నందిన హలధర నాగ్ కవికి రెండవ విధమైన ప్రశంస కావలసినంత లభించినది. ఆ భాష నెఱుఁగని ప్రాంతములవారివలన మొదటి విధమైన ప్రశంస లభించుట మాత్రము మిక్కిలి యరుదు. ఈ కొఱఁతకుఁ గారణ మేమి? ఆయన కవిత్వమునకును, లోకము మెచ్చుకొనుచున్న యాయన ధారణాశక్తికిని గల సంబంధ మేమి? ఈ రెండంశములును విచారింపఁదగినవి.

జీవితవృత్తాంతము క్లుప్తముగాఁ జెప్పఁదగినది. హలధర నాగ్ 1950వ సంవత్సరము మార్చి 31వ తేదీని బేదకుటుంబమున జనించెను. తండ్రి గతించునప్పటికిఁ బదియేండ్ల బాలుఁడు. మూఁడవ తరగతితోఁ జదువు నిలిచిపోయెను. పొట్టకూటికై యొక మిఠాయి దుకాణమున రెండేండ్లు గిన్నెలు కడిగెను. పిమ్మట గ్రామపెద్ద యొకఁ డీ బాలుని నున్నతపాఠశాలకుఁ దీసికొనిపోయి వంటపనికిఁ గుదిర్చెను. అచ్చటఁ బదునాఱేండ్లు గడచెను. తరువాత బ్యాంకునందు వేయిరూపాయ లప్పుదీసికొని, విద్యార్థులకుఁ గావలసిన కాగితములు, కలములు, తినుబండారములు అమ్మెడు చిన్న యంగడి పెట్టుకొనెను. 1990వ సంవత్సరమున ‘ధోడో బర్‌గఛ్’ అను కవిత యొక స్థానికపత్రికలో వెలువడెను. ‘ముసలి మఱ్ఱిచెట్టు’ అని యా పేరున కర్థము. అప్పటికిఁ గవికి నలువదియేండ్లు. అటుపిమ్మటఁ గావ్యములు వరుసగా వెలువడెను. సంబల్పూరు విశ్వవిద్యాలయ మాయన కృతులను గ్రంథావళిగాఁ గూర్చి పాఠ్యములలోఁ జేర్చెను. 2019లో గౌరవ డాక్టరు పట్టము నొసఁగెను. తెల్లని పంచె, బనియను, చెప్పులులేని కాళ్లు – ఇదియే యాయన వేషము. రాష్ట్రపతిభవనమునకును ఆ వేషముతోడనే పోయెను.

ఇన్ని వింతలలోను లోకమును మిక్కిలిగా నాకర్షించినది ధారణాశక్తి. తాను రచించినవానిలో దేని నడిగినను, పేరు చెప్పిన మాత్రమునఁ బుస్తకము చూడక యాద్యంతము వినిపింపఁగలఁడని యాయనను గూర్చి వ్రాసినవారందఱును జెప్పుచున్నారు. కావ్యములు ఇరువదికి మించవచ్చును. వానిలోఁ బెక్కులు దీర్ఘకథాకావ్యములు. మూఁడవ తరగతి దాఁటనివాఁడు, వంటశాలలో యౌవనము గడపినవాఁడు నింతటి సాహిత్యరాశిని గంఠమునఁ దాల్చుట యద్భుతమే. కాని యద్భుతము వేఱు, కావ్యగుణము వేఱు. బాలవ్యాకరణము నంతటిని వెనుకనుండి ముందునకుఁ జదువఁగలవాఁడు వైయాకరణుఁడు కానేరఁడు. వేయిపద్యములు నెమరునకుఁ దెచ్చుకొనఁగలవాఁడు కవి కానక్కఱలేదు. కావున ధారణాశక్తిని గవిత్వమునకుఁ బ్రమాణముగాఁ బట్టుట తగదు. అట్లని యా శక్తికిఁ గవిత్వముతో సంబంధమే లేదని త్రోసివేయుటయుఁ దగదు. ఆ శక్తి కావ్యమునకు వెలినుండు నలంకారమా, కావ్యశరీరమును నిర్మించిన హేతువా యను ప్రశ్నమే ముఖ్యము.

చదువులేని కవులను గూర్చి యీ దేశమునఁ బ్రసిద్ధమైన యొక కథాసంప్రదాయము గలదు. కాళిదాసు మూఢుఁడై యుండఁగాఁ గాళికానుగ్రహమునఁ గవియయ్యెనందురు. తెనాలి రామకృష్ణునకును దేవి యనుగ్రహమే. పోతన హాలికుఁడనియు, మొల్ల కుమ్మరింట బుట్టి గురువులేకయే కవయిత్రి యయ్యెననియు వాడుక. ఈ కథలు గౌరవముతోఁ బుట్టినవే. కాని వానివలన నొక కీడును గలిగినది. కవి చేసిన కృషిని దేవత యెత్తికొనిపోయినది. ఎన్ని కావ్యములు విన్నాఁడు, ఎవరియొద్ద విన్నాఁడు, ఎన్నిమాఱులు దిద్దుకొన్నాఁడు అను ప్రశ్నములు అనుగ్రహమను నొక్కమాటతో సమసిపోయినవి. హలధర నాగ్ విషయమునను అదే జరుగుచున్నది. ‘మూఁడవ తరగతి’ అను మాటయే యిచ్చటఁ గాళికానుగ్రహమువంటిది. ఆ మాట చెప్పిన పిమ్మట నింక విచారింపవలసిన దేమియు లేదనిపించును. యథార్థమునకు మూఁడవ తరగతి తరువాత నలువదవ యేఁటివఱకు నడుమ గడచిన ముప్పదియేండ్లును జదువులేని కాలము కాదు. అది చెవితోఁ జదివిన కాలము. పల్లెలోని భాగవతపఠనము, దేవతల కొలుపులు, పాటగాండ్ర కథలు – ఇవి యాయన పాఠశాల. తాను వంటచేసిన పాఠశాల వేఱు, తాను జదివిన పాఠశాల వేఱు.

ధారణ యనునది యేకరూపమైన శక్తి కాదు. భారతదేశమున నది మూఁడు విధములుగా వర్ధిల్లినది. మొదటిది వేదధారణ. పదము, క్రమము, జట, ఘనము అను పాఠములచే మాటలను ముందువెనుకలుగా మరల మరలఁ బేర్చి చెప్పుటవలన నొక్క స్వరమైనను జాఱిపోకుండ రక్షించిరి. ఇచ్చట ధరించువాఁడు కర్త కాఁడు. మార్చుటకు వాని కధికారము లేదు. రెండవది యవధానధారణ. అష్టావధానమున నెనమండ్రు పృచ్ఛకులు వేర్వేఱు ప్రశ్నములతో మనస్సును జెదరఁగొట్టుచుండ, నవధాని యొక్కొక్క యావృత్తమున నొక్కొక్క పాదము చొప్పునఁ జెప్పి, తుదకుఁ బద్యములన్నిటిని గ్రమముగా నప్పగించును. తిరుపతి వేంకటకవులు శతావధానములతో నాంధ్రదేశమును సంచరించిన కాలమున నీ విద్య పరాకాష్ఠ నందినది. ఇచ్చట ధరించువాఁడే కర్త. కాని ధారణకుఁ గాలపరిమితి గలదు. సభ ముగిసిన పిమ్మట నా పద్యములను జీవితాంతము మోయవలసిన పని లేదు.

మూఁడవది జానపదగాయకుల ధారణ. పల్నాటి వీరుల కథను బాడెడు వీరవిద్యావంతులు రాత్రులకు రాత్రులు గానము చేయుదురు. వారి కంఠమున నున్నది యక్షరశః స్థిరమైన గ్రంథము కాదు. కథాక్రమము, పలుకుబళ్లు, వర్ణనల యచ్చులు, దరువులు. గాయకుఁడు వానిని బట్టి యా రాత్రి సభకుఁ దగినట్లు కథను మరల నిర్మించును. 1933–35 సంవత్సరములలో మిల్మన్ పారీ యుగోస్లావియా దేశపు గాయకుల పాటలను యంత్రములపై నెక్కించెను. ఆయన శిష్యుఁడు ఆల్బర్టు లార్డు వానిని బరిశీలించి 1960లోఁ దన గ్రంథమును బ్రకటించెను. గాయకుఁడు ‘మాట మార్పకుండఁ బాడితిని’ అని ప్రమాణము చేసినను, రెండుమాఱులు పాడిన పాట రెండు రూపములుగా నుండుట యందు నిరూపితమైనది. గాయకుఁ డబద్ధమాడలేదు. ‘మాట’ యనఁగా నాతని దృష్టిలో వేఱు. అచ్చుపుస్తకములు చదువువారి దృష్టిలో వేఱు.

హలధర నాగ్ ఈ మూఁటిలో దేనికిఁ జెందినవాఁడు? వేదపాఠకునివలె నన్యకృతమును మోయుట లేదు. తన కృతినే మోయుచున్నాఁడు. అవధానివలె గడియలకొలఁది కాక దశాబ్దములకొలఁది మోయుచున్నాఁడు. జానపదగాయకునివలెఁ బల్లెసభలలో వినిపించుచున్నాఁడు. కాని యాతని కావ్యము లచ్చుపడినవి, పాఠ్యములైనవి. కావున నీ కవి మూఁడు మార్గములును గలియు కూడలిలో నున్నాఁడు. వ్రాఁతకును నోటికిని నడుమ నిలిచినవానిని గేవలము ‘నిరక్షరకుక్షి’ యనియో ‘జానపదుఁ’డనియో పిలుచుట పొరపాటు. మూఁడు తరగతుల చదువైనను అక్షరజ్ఞానము గలవాఁడు, పత్రికకుఁ గవితలు పంపినవాఁడు, అచ్చులోఁ జూచుకొన్నవాఁడు. అయినను ఆతని కావ్యమునకు నిజమైన నివాసస్థానము కాగితము కాదు, కంఠము.

ఇంక ధారణ కావ్యశరీరము నెట్లు నిర్మించునో విచారింపవలెను. జ్ఞాపకముంచుకొనవలసిన మాటకుఁ గొక్కెములు కావలెను. తెలుఁగు పద్యమున యతియుఁ బ్రాసయు నట్టి కొక్కెములే. ప్రతి పాదమునందును రెండవ యక్షరమున నొకే హల్లు వచ్చుననియు, నిర్ణీతస్థానమున మొదటి యక్షరమునకు మైత్రిగల యక్షరము వచ్చుననియుఁ దెలిసినవానికి మఱచిన మాట తనంతఁ దానే దొరకును. ఒడియా దేశమున నీ పనిని పాదాంతప్రాసయు నక్షరసంఖ్యయుఁ జేయును. జగన్నాథదాసు రచించిన యొడియా భాగవతము పాదమునకుఁ దొమ్మిది యక్షరములు గల నవాక్షరీవృత్తమున నడచినది. ఆ చిన్న పాదములు, ఆ జంటప్రాసలు – వీనిచేతనే యా గ్రంథము పల్లెపల్లెలోని భాగవతటుంగిలో నక్షరములు రానివారి నోటఁ గూడ నిలిచినది. తెలుఁగువారి కిండ్లలోఁ బోతన పద్యము నిలిచినట్లే యచ్చట జగన్నాథదాసు పాదము నిలిచినది. హలధర నాగ్ చెవి యీ పాదమునఁ బెరిగిన చెవి.

కొక్కెముల నాశ్రయించిన కవిత్వమునకుఁ గొన్ని గుణములు సహజముగా వచ్చును. వాక్యము పాదముతో ముగియును. అన్వయమునకై వెనుకకు మరలవలసిన క్లేశ ముండదు. కథ గొలుసువలె నడచును. ఒక సంఘటనము తరువాతి సంఘటనమును దానే పిలుచును. ఉపమానములు కంటికెదుట నున్నవానినుండి వచ్చును. ఏలయన దూరపుమాట జ్ఞాపకమున నిలువదు. అట్లే కొన్ని లోపములును సహజముగా వచ్చును. దీర్ఘసమాసము, సంకీర్ణవాక్యము, మెల్లగా విప్పుకొనవలసిన ధ్వని – ఇవి కంఠమునకు బరువు. చెవికిఁ దియ్యనైన పునరుక్తి కంటికి విసుగగును. కావున నీ కావ్యములను శ్లేషకావ్యములతో దూఁచి ‘ఇందు గాంభీర్యము లేదు’ అనుట, వీణను మద్దెలతోఁ బోల్చి ‘దెబ్బకుఁ దగిన మ్రోఁత లేదు’ అనుటవంటిది. ధారణ కావ్యమునకు వెలుపలి యలంకారము కాదనియు, లోపలినుండి దాని యెముకలను గట్టిన శక్తియనియు నిచ్చట స్పష్టమగుచున్నది. లోకము ధారణను మెచ్చుకొనుట తప్పు కాదు. మెచ్చుకొని యచ్చటనే యాఁగిపోవుటయే తప్పు.

భాషావిషయము మఱింత సూక్ష్మమైనది. ఈ కవి భాష సంబల్పురి. దీనినే కొందఱు కోసలి యందురు. ఇది స్వతంత్రభాష యని యచ్చటివారును, ఒడియాకు మాండలికమని మఱికొందఱును వాదింతురు. వాదమెట్లున్నను ఛందస్సునకు సంబంధించిన యొక భేదము తెలుఁగుపండితుల దృష్టి నాకర్షింపఁదగినది. ఒడియాభాష తెలుఁగువలెనే యజంతమగుటకు మొగ్గుచూపును; ఇల్లు అను నర్థముగల మాటను ‘ఘర’ యని రెండక్షరములుగాఁ బలుకుదురు. సంబల్పురిలోఁ దుది యచ్చు లోపించి ‘ఘర్’ అని యొక్క యక్షరమే యగును. చిన్న భేదమే. కాని పాదమునకుఁ దొమ్మిది యక్షరములని లెక్కించు ఛందస్సున కిది పునాదిని గదల్చు భేదము. తుది యచ్చులన్నియుఁ బోయిన భాషలో ఆ తొమ్మిది యక్షరముల పాత్రలో నెక్కువ మాటలు పట్టును, నడక బిగువగును, హల్లులు హల్లులతో నొరసికొనును. ‘ధోడో బర్‌గఛ్’ అను పేరులోనే యా యొరపిడి వినఁబడుచున్నది. ‘బర’, ‘గఛ’ అని తెఱచికొని పలుకు నొడియావాని నోటికిని, ‘బర్‌గఛ్’ అని మూసికొని పలుకు సంబల్పూరువాని నోటికిని లయ వేఱు. కావున నీ భాషలోఁ గావ్యము వ్రాయువాఁ డొడియా పాదమును బెత్తనముగాఁ దెచ్చికొని నింపుటకు వీలులేదు. చెవితో మరలఁ దూఁచికొనవలెను. ఈ తూఁచుపని వ్రాఁతబల్లపైఁ గాక కంఠమునందే జరుగును. ధారణ యిచ్చటఁ గేవలము భద్రపఱచు పెట్టె కాదు, తూఁచెడు త్రాసు.

ఈ కవికి ముందు సంబల్పురియందు రచన లేకపోలేదు. సత్యనారాయణ బొహిదార్ (1913–1980) ఈ భాషకు సంక్షిప్తవ్యాకరణము రచించి మార్గము చూపెను. అయినను ఆ ప్రాంతపు మహాకవి యనఁగా గంగాధర మెహెర్ (1862–1924) పేరే ముందు వచ్చును. ఆయనయు బర్గఢ్ ప్రాంతమునందలి బర్‌పాలి గ్రామమువాఁడే, నేఁతవృత్తిలోఁ బుట్టినవాఁడే, పాఠశాలాభ్యాసము స్వల్పమే. కాని యాయన ‘తపస్విని’ మొదలగు కావ్యములను శిష్టమైన యొడియాభాషలో రచించెను. దీనికిఁ జరిత్రలోఁ గారణమును జూపవచ్చును. సంబల్పూరు నాఁడు మధ్యపరగణాలలోఁ జేరియుండెను. 1896లో నచ్చటి కచేరీలనుండి యొడియాను దొలగించి హిందీని బ్రవేశపెట్టిరి. ప్రజ లాందోళనము చేయఁగా 1903లో నొడియా మరల వచ్చెను. 1905లో సంబల్పూరు తక్కిన యొడియా ప్రాంతములతోఁ గలిసెను. అట్టి కాలమున సంబల్పూరు కవి శిష్టమైన యొడియాలో వ్రాయుట తన నేలకుఁ దాను జేసిన సేవ. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, ఒడియాకుఁ గచేరీలోఁ జోటు స్థిరపడి, 2014లోఁ బ్రాచీనభాషాగౌరవమును లభించిన కాలమున, అదే నేలలో మఱియొక కవి యింటిమాటలో వ్రాయుట మెహెర్ మార్గమునకు విరోధము కాదు, దాని కొనసాగింపే. ఆ కాలమున రక్షింపవలసిన మాట యది. ఈ కాలమున రక్షింపవలసిన మాట యిది.

గ్రామ్యభాష కావ్యయోగ్యము కాదను నాక్షేప మిచ్చట వచ్చును. ఈ యాక్షేపము తెలుఁగువారికిఁ గ్రొత్త కాదు. పాల్కురికి సోమనాథుఁడు జానుతెనుఁగును, ద్విపదను జేపట్టినప్పటినుండియు నిది యున్నది. ద్విపదను బండితులు చిరకాలము చిన్నచూపు చూచిరి. ఇరువదవ శతాబ్దారంభమున గిడుగు రామమూర్తికిని జయంతి రామయ్యకును నడచిన వాదము సుప్రసిద్ధము. ఆ వాదమునఁ దఱచు మఱవఁబడు నంశ మొకటి గలదు. గిడుగు పర్లాకిమిడి పాఠశాలలో నుపాధ్యాయుఁడై యుండి, కొండలలోని సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును గూర్చెను. లిపిలేని భాషకును నియమము గలదని చెవితో విని నిరూపించినవాఁడు గావుననే వాడుకతెలుఁగునకును నియమము గలదని యాయన ధైర్యముతోఁ జెప్పఁగలిగెను. గ్రామ్యమను దోషము మాటలో నుండదు; ఔచిత్యము లేనిచోట నుండును. పల్లెరైతు నోట సంస్కృతసమాస మెంత యనుచితమో, ఊర్మిళ దుఃఖమును బల్లెస్త్రీలకు వినిపించు కావ్యమున దూరపుమాట యంత యనుచితము. శిష్టభాషాపక్షపాతియైన విమర్శకుఁడును ఔచిత్యమును గాదనలేఁడు గదా! క్షేమేంద్రుని మాటకు విలువయిచ్చువాఁ డీ కవికిని విలువయీయక తప్పదు.

వస్తువిషయమున నీ కవి యెన్నికలు విచారయోగ్యములు. ‘మహాసతి ఊర్మిళ’, ‘తారా మందోదరి’ అను కావ్యములు రామాయణమునందలివి. అయినను రాముఁడు గాని సీత గాని యా పేరులలోఁ గానరారు. ఊర్మిళను వాల్మీకి మొదలగువా రుపేక్షించిరని రవీంద్రనాథ ఠాకూరు వ్యాసము వ్రాసి వాపోయెను. మైథిలీశరణ గుప్తుఁడు ‘సాకేత్’ కావ్యమున నా లోపమును దీర్ప యత్నించెను. పండితలోక మీ విషయమును జర్చించుటకుఁ బూర్వమే తెలుఁగు స్త్రీలు ‘ఊర్మిళాదేవి నిద్ర’ యను పాటను బాడుచుండిరి. పదునాలుగేండ్ల నిద్రలో నున్న యువతి, మేలుకొల్పవచ్చిన మగని నెఱుఁగక పరపురుషుఁడని భ్రమించి బెదరిపోవుట యా పాటలోని హృదయము. కావ్యములలో మూలకుఁ ద్రోయఁబడిన స్త్రీని వంటయిండ్లలోఁ బాడుకొన్నవారు మఱవలేదు. వంటశాలలో యౌవనము గడపిన కవి యామెను గావ్యనాయికగాఁ జేయుట యా మార్గమునకుఁ దగియున్నది.

తారామందోదరుల నొక్క కావ్యమునఁ జేర్చుట మఱియొక తెలివి. ఒకతె వానరస్త్రీ, మఱియొకతె రాక్షసస్త్రీ. ఇరువురును భర్తలకు హితము చెప్పిరి. ఇరువురి మాటయు వినఁబడలేదు. ఇరువురును రాముని బాణమున విధవలైరి. తార సుగ్రీవునింటఁ జేరెను. మందోదరి విభీషణుని జేరినట్లు కొన్ని రామకథలు చెప్పుచున్నవి. ఇరువురును బంచకన్యలలోఁ బ్రాతఃస్మరణీయలు. గెలిచినవాని కథలో నోడినవాని యిల్లాలిని వెదకి, యట్టి యిద్దఱిని బ్రక్కప్రక్కను నిలువఁబెట్టుటయే యొక విమర్శనము. వాక్యములు చదువకపూర్వమే యా పేరు పాఠకుని నాలోచింపఁజేయును.

‘వీర సురేంద్ర సాయి’ కావ్యమునకు వస్తువు ఇంటిముంగిటిదే. సురేంద్ర సాయి (1809–1884) సంబల్పూరున నాంగ్లేయప్రభుత్వము నెదిరించి, తుదకు అసీర్‌గఢ్ కోటలోఁ జెఱయందే మరణించెను. ఆ తిరుగుబాటునఁ దోడ్పడిన ఘేఁస్ జమీందారు మాధోసింగును 1858లో నురిదీసిరి. ఘేఁస్ గ్రామమునఁ బుట్టినవాని కీ కథ చరిత్రపుస్తకమునుండి రానక్కఱలేదు. పెద్దల నోటినుండియే వచ్చును. పల్నాటి కథ కారెంపూడిలో నెట్లు బ్రదికియున్నదో యీ కథ ఘేఁస్‌లో నట్లు బ్రదికియున్నది.

గుణములను జెప్పి దోషములను జెప్పకుండుట విమర్శనము కాదు. కవిత్వము బ్రదుకుతో ముడిపడి జనులకొక సందేశము నీయవలెనని యీ కవి దృఢాభిప్రాయము. ఈ యభిప్రాయము సభకు మంచిది. కావ్యమునకుఁ గొన్నియెడల బరువు. కాంతాసమ్మితమైన యుపదేశము కావ్యప్రయోజనములలో నొకటి యని మమ్మటుఁడును జెప్పెను. కాని ‘కాంతాసమ్మిత’ మను మాటలో మర్మమంతయు నున్నది. ప్రియురాలు చెప్పినట్లు చెప్పవలెను గాని యూరిపెద్ద చెప్పినట్లు చెప్పరాదు. సభలో వేలమంది యెదుటఁ జదువుటకై రచించు కవి కీ రెంటి నడుమ గీత చెరిగిపోవు నపాయ మెప్పుడును గలదు. కరతాళధ్వనులు సందేశము వచ్చినచోట మ్రోఁగును. ధ్వని యున్నచోట సభ నిశ్శబ్దముగా నుండును. కవి చెవి కరతాళములను మరిగినచో నిశ్శబ్దమును బోఁగొట్టుకొనును. కీర్తి వచ్చిన పిమ్మట నీ యపాయ మెక్కువగును. ముసలి మఱ్ఱిని గూర్చి వ్రాసిన నలువదియేండ్ల యంగడివానికి లేని బాధ బిరుదాంచితుఁడైన కవికిఁ గలదు. ఆతని ప్రతిపదమును సందేశముగా స్వీకరించుటకు లోకము కాచికొనియుండును. భక్తులు కవికిఁ జేయు నపకారములలో నిది పెద్దది.

గ్రంథపరిష్కర్తల కీ కవి మఱియొక చిక్కును దెచ్చిపెట్టినాఁడు. ప్రాచీనకావ్యమునకుఁ బదితాళపత్రప్రతులను సేకరించి, పాఠభేదములు గుర్తించి, కవిహృదయమునకు దగ్గఱి పాఠమును నిర్ణయింతురు. ఇచ్చట నచ్చుప్రతి గలదు, కంఠప్రతియుఁ గలదు. ఆ రెంటికిని భేదము వచ్చినచో నేది ప్రమాణము? అచ్చులోనిది సంపాదకుఁడు దిద్దినదై యుండవచ్చును. కంఠములోనిది యేండ్లు గడచినకొలఁది కవియే మెఱుఁగుపెట్టినదై యుండవచ్చును. లేదా లార్డు చూపినట్లు కవికిఁ దెలియకయే మాఱినదై యుండవచ్చును. దీనిని దేల్చుటకు మార్గ మొక్కటే. ఒకే కావ్యమును గొన్ని యేండ్ల యెడముతో రెండుమూఁడుమాఱులు కవి నోట వినిపించుకొని, ధ్వనిముద్రణము చేసి, యచ్చుతో నక్షరమక్షరము సరిచూడవలెను. భీమభోయి విషయమున నీ యవకాశము తప్పిపోయినది. పందొమ్మిదవ శతాబ్దమున సోన్‌పూరు ప్రాంతమున మహిమాధర్మమును బోధించిన యా కవి యంధుఁడనియు, ఆశువుగాఁ జెప్పుచుండ లేఖకులు వ్రాసికొనిరనియుఁ బ్రతీతి. ఆయన నోటినుండి వచ్చినదేదో, లేఖకుల గంటమునుండి వచ్చినదేదో నిర్ణయించు సాధనము లేదు. కవి కంఠము సజీవముగా నున్నపుడే చేయవలసిన పని పిదపఁ జేయుదమన్నఁ గుదురదు. తాళపత్రములకై యూరూరు తిరిగిన సాహిత్యపరిషత్తుల కింత సులభముగాఁ దెలియవలసిన సత్యము మఱియొకటి లేదు. తెలుఁగునాట బుఱ్ఱకథకులు, జముకులకథకులు, కొమ్ములవారు – వీరి కంఠముల విషయమునను ఇదే న్యాయము.

ఆంధ్రులకు మఱియొక కర్తవ్యమును గలదు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలోఁ దెలుఁగును ఒడియాను దెలిసినవా రనేకులు. ఈ కావ్యము లాంగ్లానువాదముల మూలమునఁ దెలుఁగులోనికి రానక్కఱలేదు. పాదాంతప్రాసయు నడకయు నొక దూరభాషలోఁ గరఁగి మరల గడ్డకట్టిన పిమ్మట మిగులునది కథాసారము మాత్రమే. ఏ గుణముచే నది కంఠమున నిలిచెనో యా గుణము పోవును. ద్విపదలోఁ గాని మంజరిలోఁ గాని, చెవికి నిలుచునట్లు, నేరుగా మూలమునుండి తెచ్చినచోఁ దెలుఁగుపాఠకునకు హలధర నాగ్ కవియో కాదో తానే తేల్చుకొను నవకాశము కలుగును. అట్టి యనువాదమునకుఁ బరీక్షయు సులభమే: చదివినవాఁడు పుస్తకము మూసి నాలుగు పాదములు చెప్పఁగలిగిన ననువాదము నిలిచినది, లేకున్న లేదు.

తుదకుఁ బాఠశాలలోని పండితులు విచారింపవలసిన దొకటి గలదు. పదునాఱేండ్లు ఒక పాఠశాలలో గురువులు పాఠములు చెప్పిరి, విద్యార్థులు వల్లించిరి, పరీక్షలు జరిగెను. ఆ గోడల నడుమనే యొకఁడు పొయ్యియొద్దఁ గూర్చుండి యుండెను. కంఠస్థముచేయుట విద్యయైనచో నా పాఠశాలలో నంతటి విద్యార్థి మఱియొకఁడు లేఁడు. భాష నెఱుఁగుట విద్యయైనచో నా నేలభాష నాతనికంటె నెఱిఁగినవాఁ డరుదు. అయినను పట్టికలో నాతని పేరు వంటవారి పుటలో నుండెను గాని విద్యార్థుల పుటలో లేదు. ఇందు నొకరిని దూషించుటకుఁ గారణము లేదు. పాఠశాల యనునది యక్షరమును గంటితోఁ జూచుటకేర్పడిన సంస్థ, చెవితో వచ్చు విద్యను గుర్తించు పుట దానియొద్ద లేదు. వేదమును జెవితోనే నేర్చి ‘శ్రుతి’ యని పేరుపెట్టిన దేశమున నా పుట లేకుండుట మాత్రము విచారింపఁదగినది. గంట కొట్టువాఁడు, గదులూడ్చువాఁడు, అన్నము వండునది – వీరందఱును గవులని కాదు. వారిలో నెవరి కంఠమున నేమున్నదో యొకమా ఱడిగి వినుటకు నియమ మేదియు నడ్డము రాదు. హలధర నాగ్‌కుఁ జేయఁదగిన గౌరవములలో బిరుదములు ముగిసినవి. ఆయన కావ్యములను గావ్యములుగాఁ జదివి మంచిచెడ్డలు చెప్పుట యింకను మిగిలియున్నది.